జీవస్ఫురణ

ఆ కాలంలో సినిమా చూడాలంటే కళ్ళూ చెవులూ ఉంటే చాలదు, మెడ కూడా ఖాళీగా ఉండాలి. హాలు గుమ్మం దగ్గర వేలెడు వెడల్పున్న పట్టీ ఒకటి చేతిలో పెడతారు. దాన్ని గొంతు పక్కన అంటించుకుంటే, తెరమీది మనిషికి లోపల ఏం జరిగిందో చూసేవాడికీ లోపల అదే జరుగుతుంది. పెళ్ళి వీడియోలు కూడా అలాగే తీసేవారు. అప్పగింతల ఘట్టంలో పెళ్ళికూతురి దుఃఖం అనుభవిద్దామని పట్టీలు బిగించి కూర్చున్న చుట్టాలకు పట్టుచీర ఉక్కపోత, ఆకలి తప్ప మరేమీ తగలక తెల్లమొహాలు వేసిన సందర్భాలు కోకొల్లలు.

ఆ యంత్రం అసలు పేరు భావగ్రాహక కెమెరా. జనం నోట్లో పడి గుండెకెమెరా అయింది. ఎదురుగా ఉన్న మనిషి చర్మం మీది సన్నని విద్యుత్తు మార్పుల్నీ, ఊపిరి లయనీ, గుండె తడబాటునీ దాని సెన్సర్లు దూరంనుంచే పసిగడతాయి. వాటన్నిటినీ కలిపి బొమ్మకూ ధ్వనికీ తోడుగా మూడో పొరగా ఎన్‌కోడ్ చేస్తాయి. దాన్ని భావపొర అంటారు. మెడపట్టీ ఆ పొరను మెడలోంచి గుండెకు వెళ్ళే వేగస్ నరం గుండా ప్రేక్షకుడి ఒంట్లోకి పంపిస్తుంది. మొదట్లో ఒక చిక్కు వచ్చింది. కెమెరా పట్టుకున్నవాడు కూడా మనిషేనాయె! ఎదుటి మనిషి గుండెకంటే వాడి గుండే యంత్రానికి దగ్గర. అందుకని కెమెరా పిడిలో ఇంకో సెన్సర్ అమర్చి, పట్టుకున్నవాడి భావాన్ని విడిగా కొలిచి, భావపొరలోంచి దాన్ని ఏరిపారేసే వడపోత ఒకటి తయారుచేశారు. అది చక్కగా పనిచేస్తోందని లోకమంతా నమ్మింది.

విశ్వవిద్యాలయంలో సామాజిక డాక్యుమెంటరీ విభాగం ఈ కెమెరా పుణ్యాన కళకళలాడుతోంది. పేదవాడి బాధను దూరంనుంచి చూసి అయ్యో అని నోరు చప్పరించే రోజులు పోయాయనీ, ఇక ఆ బాధ చూసేవాడి ఒంట్లోనే పుడుతుందనీ అధ్యాపకులు చెప్పేవారు. మాట మంచిదే. అది నమ్మే నిశిత అక్కడ ఎం.ఎ.లో చేరింది, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా మొగలిపేటను ఎంచుకుంది.

మొగలిపేట, ఏళ్ళ కిందట ఉప్పెనలో సముద్రం మింగేసిన మత్స్యకారుల ఊరు. మిగిలినవాళ్ళు రక్షణకట్ట వెనక యంత్రాలతో అచ్చుపోసిన ఇళ్ళలో ఉంటున్నారు. వాళ్ళలో సూరాడ కొర్లమ్మ ఒకతె. ఆమె చెల్లెలు గౌరి ఆ ఉప్పెనలో పోయింది. గౌరి కూతురు పైడిని కొర్లమ్మే పెంచుతోంది. మూడు నెలలు నిశిత ఆమె చుట్టూ తిరిగింది. ఆమెతో చేపలు ఎండేసింది, ఆమె పెట్టిన గంజి తాగింది, పిన్నీ అని పిలిచింది. కొర్లమ్మ అన్నీ చెప్పేది, ఉప్పెన సంగతి తప్ప. చివరికి ఒక మధ్యాహ్నం, పైడి కాలేజీకి వెళ్ళినప్పుడు, కెమెరా ముందు కూర్చుని నోరు విప్పింది.

"నాకూ గౌరికీ మాటల్లేవు. నీళ్ళ కుళాయి కాడ తగువు. సముద్రం వొచ్చేత్తన్నాదని తెలిసి దాని గుమ్మం ముందునుంచే పరుగెట్టినాను పాపా. పిలవనేదు. ఎవరో ఒకరు పిలుత్తార్లే అనుకున్నాను. ఎవులూ పిలవనేదు."

ఆ మాటతో ఆమె ఒక్కసారిగా కుప్పకూలి ఏడ్చింది. నిశిత కళ్ళు కూడా తడిశాయి. చేతిలో కెమెరా మాత్రం వణకలేదు.

"ఇది పైడికి నా నోటితో సెప్పలేను. నీ సినిమా సెప్తాది. అదొచ్చి సూసి, నన్ను తిడితే తిడతాది, ఉంటే ఉంటాది," అంది కొర్లమ్మ తరవాత.

విభాగంలో తొలిచూపు అని ఒక ఆచారం ఉంది. ఎవరి కథో వాళ్ళకు ముందు చూపించి, ఆ తరవాతే పదిమందికీ చూపించాలి. అది టీ బిస్కట్ల తతంగంగా మారి చాలా కాలమైంది. కొర్లమ్మ వచ్చింది, పట్టీ అంటించుకుంది, చూసింది. తాను ఏడ్చే చోటుకి వచ్చేసరికి ఉలిక్కిపడి పట్టీ పీకేసింది. టీ ముట్టకుండా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఫోన్ ఎత్తలేదు. మొహమాటం కాబోలు అనుకుని నిశిత సరిపెట్టుకుంది.

ప్రదర్శన రేపనగా పొద్దున్నే కొర్లమ్మ ఎడిటింగ్ గది గుమ్మంలో నిలబడి ఉంది. మనిషి సగమైంది.

"లోపలికి రండి పిన్నీ, ఏమైంది?"

"ఆ ముక్క తీసెయ్ పాపా. నీకు దండం పెడతాను."

"ఏ ముక్క? సినిమాకి ప్రాణమే అది కదా!"

కొర్లమ్మ కుర్చీ అంచున కూర్చుంది. చాలాసేపు చీర కొంగు నలుపుకుంది.

"నాను ఏడుత్తన్నప్పుడు, లోపల సంతోసం ఎగిరింది. సిన్నదే. గుప్పుమని వొచ్చి పోయినాది. నా సెల్లిని పిలవనేదని సెప్తా నాను సంతోసపడినానా పాపా? నా గుండె అంత పాడుదా? రేపు పైడి ఆ పట్టీ ఎట్టుకుంటే దానికీ తెలిసిపోద్ది గదా, మా అమ్మ సచ్చినందుకు పెద్దమ్మ కులికిందని."

నిశితకు హమ్మయ్య అనిపించింది. దీనికి తన దగ్గర జవాబుంది. జవాబేమిటి, పరీక్షలో ఖాయంగా వచ్చే ప్రశ్నే అది. గొప్ప భావచిత్రాలన్నిటిలోనూ దుఃఖం పరాకాష్ఠకు చేరిన క్షణంలో చిన్న ఉల్లాసం తళుక్కుమంటుంది. దాన్ని జీవస్ఫురణ అంటారు. ఎంతటి కష్టంలోనూ మనిషిలో చావని బతుకు కోరికకు అది సాక్ష్యమని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ పేరు పెట్టింది విభాగాధిపతి హైమవతి మేడమే. నిశిత అదంతా విడమరిచి చెప్పింది.

కొర్లమ్మ తల అడ్డంగా ఊపింది. "నా ఒళ్ళు నాకు తెల్దా? అది బతకాలని కాదు. వల లాగినప్పుడు బరువు తగుల్తాది సూడు, పడినాదిరా అని, అలాగున్నాది."

నిశిత నవ్వబోయి ఆగిపోయింది.

"మీరు వరండాలో కూర్చోండి పిన్నీ. నేనిప్పుడే వస్తాను."

తలుపు వేసి, ఎవరూ ఎన్నడూ విప్పనిదాన్ని విప్పింది. కెమెరా పిడిలోని సెన్సర్ పట్టిన ముడి సంకేతం అది. వడపోత తన పని తాను చేసుకుపోతుంటే దాన్ని తెరిచి చూసేదెవరు? కొర్లమ్మ కుప్పకూలిన క్షణానికి జరిపింది. నిశిత సొంత భావాల గీతలు తెరమీదికొచ్చాయి. జాలి ఉంది, అలసట ఉంది. ఆ రెండింటినీ వడపోత శుభ్రంగా ఏరేసింది. వాటి మధ్యనుంచి నిటారుగా ఒక గీత లేచింది. దాన్ని వడపోత ముట్టుకోనే లేదు. భావపొరలోని జీవస్ఫురణ గీత పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే.

అప్పుడు గుర్తొచ్చింది. మరిచిపోతే కదా గుర్తుకు రావడానికి! ఆ మధ్యాహ్నం కళ్ళు తుడుచుకుంటూనే మనసులో ఏమనుకుందో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. వచ్చేసింది, ఇదే నా సినిమా, అనుకుంది. గదిలో ఒంటరిగా ఉన్నా చేతులతో మొహం కప్పుకుంది.

హైమవతి మేడమ్ తన గదిలో రేపటి ఆహ్వానాలు చూసుకుంటున్నారు. నిశిత చెప్పిందంతా మాటకు అడ్డురాకుండా విన్నారు.

"వడపోతకు ఏ భావాలు తీసెయ్యాలో ఎవరు నేర్పారు మేడమ్?"

"మేమే. మా తరం దర్శకులం. షూటింగ్ అయ్యాక ఇంజినీర్లు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ క్షణంలో మీకేమనిపించింది అని అడిగేవాళ్ళు. మేం ఏ భావం పేరు చెబితే ఆ సంకేతాన్ని గుర్తుపట్టి తీసెయ్యమని యంత్రానికి నేర్పారు."

"మీరంతా ఏం చెప్పారు?"

"ఏం చెప్తాం? జాలి అన్నాం. కోపం, నిస్సహాయత, నిద్రలేమి..."

"సంతోషం అని ఒక్కరైనా చెప్పారా మేడమ్?"

హైమవతి చేతిలోని కలం బల్లమీద పెట్టారు. గోడమీద ఆమె సినిమా పోస్టరుంది. గని కూలిపోయి కొడుకును పోగొట్టుకున్న తల్లి మొహం. జీవస్ఫురణకు మొదటి ఉదాహరణగా దేశమంతా పాఠం చెప్పుకునే సినిమా అది.

"ఆవిడ మట్టిలో పడి దొర్లుతుంటే," అని మొదలుపెట్టి ఆగిపోయారు. "సూర్యుడు సరిగ్గా వెనకనుంచి పడ్డాడు నిశితా. ఎండ పోకుండా ఇంకాసేపు ఏడిస్తే బాగుండు అనుకున్నాను. ఇంజినీర్లకు కరుణ అని చెప్పాను."

ఎవరూ చెప్పని భావాన్ని యంత్రం ఎలా తీసేస్తుంది? ఇన్నేళ్ళూ అది సినిమాల్లోనే ఉండిపోయింది. బాధపడుతున్నవాళ్ళలోని బతుకు కోరికంటూ తరగతి తరవాత తరగతికి పాఠం చెప్పినదంతా, ఆ బాధను కెమెరాలో పట్టుకున్నవాళ్ళ కులుకు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు.

కాసేపటికి మేడమ్ సర్దుకున్నారు. "ఆవిడతో యంత్రలోపం అని చెప్పు. ఒకరకంగా నిజమే కదా. ఆ పైడికీ అదే చెప్పుకుంటుంది. ఆవిడ మనసు కుదుటపడుతుంది. నీ పరువూ, విభాగం పరువూ నిలుస్తాయి. అందరికీ మంచిది."

నిజంగానే అందరికీ మంచిదనిపించింది నిశితకు. అలా అనిపించినందుకు సిగ్గుపడుతూనే వరండాలోకి నడిచింది.

కొర్లమ్మ మెట్లమీద కూర్చుని ఉంది. నిశిత పక్కన కూర్చుంది.

"అది యంత్రం తప్పు పిన్నీ. మీది కాదు. ఆ ముక్కలో ఏదో లోపం జరిగింది."

కొర్లమ్మ ఆశగా చూసింది. అంతలోనే ఆ ఆశ ఆరిపోయింది.

"మిసను తప్పయితే, నా ఏడుపూ తప్పేనా? అదీ మిసనే గదా సూపించింది. ఏడుపు నాదంటావు, సంతోసం నాది కాదంటావు. నన్ను ఓదార్సడానికి సెప్తన్నావు పాపా."

ఇక దాక్కోవడానికి చోటు లేకపోయింది. నిశిత నేలచూపులు చూస్తూ చెప్పింది.

"ఆ సంతోషం నాది."

"ఏటి?"

"నాది పిన్నీ. మూడు నెలలుగా మీరెప్పుడు ఏడుస్తారా అని కాచుకుని కూర్చున్నాను. మీరు ఏడవగానే సంబరపడ్డాను. కెమెరా దాన్ని పట్టేసి మీ లోపల పెట్టింది."

"నువ్వూ కళ్ళు తుడుసుకున్నావు గదమ్మా."

"తుడుచుకున్నాను. అదీ నిజమే, ఇదీ నిజమే."

"నా సెల్లి పోయిందని కాదు గదా?"

"ఆ క్షణంలో మీ చెల్లెలు నాకు గుర్తే లేదు పిన్నీ."

తిడుతుందనుకుంది, కొడితే బాగుండుననుకుంది. కొర్లమ్మ అవేవీ చెయ్యలేదు. గుండెలమీద చెయ్యి వేసుకుని, లోపల ఇంకేమైనా ఉందా అని వెతుక్కుంది.

"గౌరీ, నాది కాదంటమ్మా. విన్నావా? నాది కాదంట. నాను కులకనేదే నా తల్లీ," అని ఆకాశంలోకి చూస్తూ భోరుమంది. ఇన్నేళ్ళలో చెల్లెలితో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. పక్కనుంచి పడుతున్న ఎండలో ఆమె ముడతల్లోంచి కన్నీళ్ళు దారులు కట్టాయి.

నిశిత గుండె గుప్పుమంది. సినిమాకి ముగింపు ఇదే! అయ్యో, కెమెరా గదిలో ఉండిపోయిందే! కుడిచెయ్యి తనంతట తానే ఒళ్ళో పిడికిలి బిగించింది, పిడి పట్టుకున్నట్టు.

కొర్లమ్మ ఏడుపు మధ్యలో ఆగి ఆమె మొహంలోకి చూసింది. ఆ సంతోషాన్ని ఒకసారి తన ఒంట్లో మోసిన మనిషి కాబట్టి, గుర్తుపట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"ఇప్పుడూ వొచ్చిందేటి పాపా?"

నిశిత అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది.

"వచ్చింది పిన్నీ."

కొర్లమ్మ కోప్పడలేదు. కొంగుతో మొహం శుభ్రంగా తుడుచుకుని, మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచింది.

"మిగిలింది ఇంటికాడ ఏడుత్తాను. నీ సినిమా ఏమొద్దులే, పైడికి నా నోటితో నానే సెప్పుకుంటాను."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. నిశిత తల ఎత్తలేదు. ఎత్తితే ఆ నడకనీ, ఆ ఎండనీ ఏ కళ్ళతో చూస్తుందో ఆమెకు తెలుసు.