మూడు మిల్లీసెకన్లు

సాయంత్రం నాలుగూ యాభై.

గేమింగ్ సెంటర్ రెండో అంతస్తు. సర్వర్ గది తుడవడానికి వచ్చిన ఆయమ్మ తలుపు నెట్టింది. తెరుచుకోలేదు. భుజం ఆనించి తోసింది. తలుపు వెనక మనిషి అడ్డంగా పడి ఉన్నాడు.

కోచ్. అందరూ మాస్టారు అని పిలిచే మనిషి.

తల వెనక దెబ్బ. పక్కనే యూపీఎస్ బ్యాటరీ. దాని మూల మీద రక్తం, నాలుగు తెల్ల వెంట్రుకలు. సర్వర్ పెట్టె మూత ఊడి ఉంది. లోపల హార్డ్ డిస్క్ లేదు.

ఆరున్నరకల్లా పోలీసులు ఒకరిని లాకప్‌లో పెట్టేశారు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సెలవు నుంచి తిరిగొచ్చిన ఇన్‌స్పెక్టర్ స్టేషన్ మెట్లు ఎక్కేసరికి, లోపల ఒకావిడ గొంతు కప్పు ఎగిరిపోయేలా మోగుతోంది.

"నా అక్క కూతుర్ని ఎవడు పెట్టమన్నాడు లోపల? బట్టలు కుట్టి పెంచాను దాన్ని! చీమని తొక్కినా ఏడ్చే పిల్ల!"

"చీమని తొక్కితే ఏడుస్తుందేమో గానీ, నిన్న మాస్టారి ఆఫీసు తలుపు కాలితో తన్నిందమ్మా," అన్నాడు ఎస్.ఐ.

"తంతుంది! అన్యాయం జరిగితే నేనూ తంతాను!"

ఇన్‌స్పెక్టర్ ఆ పిన్నికి కుర్చీ వేయించింది. ఎస్.ఐ.ని లోపలికి పిలిచింది.

"చెప్పు."

"కేసు తేలిపోయింది మేడమ్. ఆ పిల్ల ముద్దుపేరు పిడుగు. ఇరవై రెండేళ్ళు. కంప్యూటర్ తుపాకులాటలో మాస్టారి టీం. ఆరు వారాలుగా సరిగ్గా ఆడటం లేదు. నిన్న పొద్దున పదింటికి టీంలోంచి తీసేశారు. కోపం. మధ్యాహ్నం మూడున్నరకి సెంటర్‌కి వచ్చింది. మూడూ యాభై రెండుకి వెళ్ళిపోయింది. ముందు తలుపు సీసీటీవీలో ఉంది."

"చావు ఎన్నింటికి?"

"నిన్న లీగ్ మ్యాచ్. అందరూ ఎవరిళ్ళ నుంచి వాళ్ళు ఆడారు. సర్వర్ మాత్రం ఆ గదిలోదే. మూడూ నలభైకి మధ్యలో విరామం. మూడూ నలభై ఒకటికి మాస్టారు పిడుగుకి ఫోన్ చేశారు. ఆ పిల్ల కట్ చేసింది. నాలుగింటికి రెండో సగం మాస్టారు మొదలుపెట్టాలి. పెట్టలేదు. ఇరవై నిమిషాలు దాటితే దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఉంది, అలాగే మొదలైంది. అంటే మూడూ నలభై ఒకటికీ నాలుగుకీ మధ్య."

"మ్యాచ్ ఎప్పటిదాకా సాగింది?"

"నాలుగూ ముప్పై అయిదు."

"డిస్క్ లేకుండా సర్వర్ నడుస్తుందటయ్యా?"

ఎస్.ఐ. తన డైరీ పేజీలు వెనక్కి తిప్పాడు.

"మూడూ యాభై రెండుకి వెళ్ళిపోయిన పిల్ల నాలుగూ ముప్పై అయిదు తరవాత డిస్క్ ఎలా పీకింది?"

"వెనక మెట్లున్నాయి మేడమ్. అక్కడ కెమెరా లేదు. మళ్ళీ వచ్చి ఉంటుంది."

"ఉంటుంది! 'ఉంటుంది' అని ఒక ఆడపిల్లని రాత్రంతా కటకటాల్లో కూర్చోబెట్టావు?"

ఆమె ఫైలు బల్ల మీద కొట్టిన చప్పుడుకి బయట పిన్ని కూడా గప్‌చుప్ అయింది.

లాకప్‌లో పిడుగు గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడుపు వల్ల కాదు.

"మాస్టారిని ఎందుకు కలవాలనుకున్నావు?"

"తిట్టడానికి."

"తిట్టావా?"

"ఆఫీసుకి తాళం. తలుపు తన్నాను. కింద బాత్‌రూంలో మొహం కడుక్కుంటుంటే ఫోన్ చేశారు. కట్ చేశాను. పైకి వెళ్ళలేదు. వెళ్ళిపోయాను."

"ఆట ఎందుకు పాడైంది?"

"నా ఆట పాడవలేదు!" పిడుగు లేచి నిలబడింది. "నేను ముందు కాల్చినా, అవతలివాడి తూటానే ముందు పడేది. ఆరు వారాలు మొత్తుకున్నాను, లైన్ చూడండి మాస్టారూ అని. ఆడలేక మద్దెల ఓడు అన్నాడు కెప్టెన్. అందరూ నవ్వారు. మాస్టారు కూడా."

"నువ్వు ఎక్కడ కూర్చుని ఆడతావు?"

"సెంటర్లోనే. ఏడో నంబరు సీటు. ఇంట్లో కుట్టుమిషను తప్ప ఏ మిషనూ లేదు మాకు."

పదకొండింటికి ఇన్‌స్పెక్టర్, అందరూ మైకు అని పిలిచే మనిషి ఇంట్లో ఉంది. మ్యాచ్‌లకి లైవ్‌లో వ్యాఖ్యానం చెప్పేది అతనే. మామూలుగా పగలు బడిలో లెక్కలు చెబుతాడు, ఇప్పుడు సెలవులు. నిన్నటి ప్రసారం మొత్తం అతని దగ్గర రికార్డయి ఉంది.

తెర మీద ఆట పరుగెడుతోంది. కెప్టెన్ తెర చూపించినప్పుడల్లా బొమ్మ తడబడుతోంది. ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగుతోంది.

'కెప్టెన్‌గారి నెట్ ఇవాళ మొరాయిస్తోంది!' రికార్డింగ్‌లో మైకు గొంతు.

"ఆపండి. ఆ మూల అంకెలేమిటి?"

"ఒకటి ఫ్రేమ్ రేట్. సెకనుకి ఎన్ని బొమ్మలు తెర మీదికి వస్తున్నాయో అది. రెండోది పింగ్. మనం మీట నొక్కిన సంగతి సర్వర్‌కి వెళ్ళి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం."

"బొమ్మ తడబడితే నెట్ తప్పా?"

"జనం అన్నిటికీ నెట్‌నే తిడతారు మేడమ్. నేనూ అలవాటు కొద్దీ అనేశాను. నిజానికి మిషన్ బలహీనమైతే బొమ్మలు తగ్గుతాయి, కళ్ళ ముందు ఆట కుంటుతుంది. లైన్ బలహీనమైతే బొమ్మ నున్నగానే ఉంటుంది, కానీ మనం చేసింది అవతల ఆలస్యంగా చేరుతుంది."

"పిడుగు చెప్పినట్టు."

మైకు మొహం పాలిపోయింది. "అవును... పిడుగు చెప్పినట్టే."

"కెప్టెన్ పాత మ్యాచ్‌లు తియ్యండి."

గంటన్నర చూశారు. ఆమె ఒక చిన్న కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుంది. తరవాత నెట్ లైన్లు వేసే టెక్నీషియన్‌కి ఫోన్ చేసింది.

రెండూ ఇరవైకి ఆమె కెప్టెన్ ఇంట్లో ఉంది. ఊరికి ఆ చివర. సెంటర్ నుంచి బండి మీద నలభై నిమిషాలు.

"నిన్న మూడింటి నుంచి మావాడు గదిలోనే ఉన్నాడండీ," అంది అతని తల్లి. "మ్యాచ్ ఉందంటే గడియ పెట్టుకుంటాడు. పిలిస్తే కసురుతాడు. నేను పిలవను."

"కళ్ళతో చూశారా?"

ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

సాయంత్రం అయిదింటికి అందరూ సెంటర్ హాల్లో ఉన్నారు. పిడుగు, పిన్ని, మైకు, ఎస్.ఐ., టెక్నీషియన్. కెప్టెన్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళు. ఇస్త్రీ చొక్కా.

"నన్నెందుకు పిలిచారు? విరామం ఇరవై నిమిషాలు. మా ఇంటి నుంచి రావడానికే నలభై. వేలమంది నా ఆట చూశారు."

"చూశారు. నేనూ చూశాను. నీ ఇంట్లో మిషన్ సెకనుకి ఎన్ని బొమ్మలు ఇస్తుంది?"

"రెండు వందల నలభై," అన్నాడు గర్వంగా.

"ఆరు నెలలుగా అంతే. నిన్న మాత్రం నలభై అయిదు. ఎందుకని?"

"నెట్ బాగాలేదు."

"నెట్‌కీ దానికీ సంబంధం లేదని నీకు నాకంటే బాగా తెలుసు. నిన్న నువ్వు ఆడింది మామూలు ల్యాప్‌టాప్ మీద."

"మిషన్ వేడెక్కింది. అయితే?"

"అయితే పింగ్ సంగతి చెప్పు. మీ ఇంటి నుంచి ఎప్పుడూ అరవై మిల్లీసెకన్లు. ఇందాక ఈ టెక్నీషియన్ మీ ఇంటి లైన్ మీద వంద సార్లు పరీక్ష పెట్టాడు. ఒక్కసారి కూడా యాభై ఎనిమిది కంటే తగ్గలేదు. నిన్న మ్యాచ్ పొడవునా నీ పింగ్ ఎంతో తెలుసా?"

కెప్టెన్ కాలు దించాడు.

"మూడు. నీ నెట్ మొరాయిస్తోందని ఊరంతా జాలిపడుతుంటే, నీ లైన్ జన్మలో లేనంత బాగుంది. మూడు మిల్లీసెకన్లు ఎక్కడి నుంచి వస్తాయి? సర్వర్‌కి కేబుల్ తగిలించుకుని, ఇదే కప్పు కింద కూర్చుంటే వస్తాయి."

ఆమె వేలితో పైకప్పు వైపు చూపించింది.

"పై అంతస్తు స్టోర్ రూంలో గోడకి కేబుల్ సాకెట్ ఉంది. గది నిండా దుమ్ము. సాకెట్ మీద మాత్రం లేదు. అక్కడి కేబుల్ పిన్ మీద బొటనవేలి ముద్ర దొరికింది. నీది ఇస్తావా, తీసుకోమంటావా?"

"నేను... మాస్టారిని నేనెందుకు చంపుతాను?"

"అది నువ్వు చెప్పవయ్యా," అంది ఆమె టెక్నీషియన్‌తో.

"ఇక్కడ అన్ని సీట్లకీ నెట్ పంచే రౌటర్‌లో ఒక రూల్ ఉంది మేడమ్. మ్యాచ్ రోజుల్లో ఏడో నంబరు సీటు లైన్‌ని కావాలని నెమ్మది చేస్తుంది. మూడు ఉండాల్సిన పింగ్ తొంభై దాటుతుంది. పెట్టి ఆరు వారాలైంది. నిన్న మధ్యాహ్నం పన్నెండుకి ఎవరో పాస్‌వర్డ్ మార్చారు. రూల్ మాత్రం తియ్యలేదు."

"మార్చింది మాస్టారు. ఈ పిల్లని తీసేశాక లైన్ చూస్తే రూల్ బయటపడింది. సాక్ష్యం కోసం రూల్ అలాగే ఉంచారు," అంది ఇన్‌స్పెక్టర్. "పన్నెండున్నరకి నీకు ఫోన్ చేశారు. మ్యాచ్ టైం గురించి అని నిన్న ఎస్.ఐ.కి చెప్పావు. కాదు. సంజాయిషీ అడిగారు. రౌటర్ బిగించింది నువ్వు. మాస్టారు కాక పాస్‌వర్డ్ తెలిసిందీ నీకే. జాతీయ జట్టుకి ఈ టీం నుంచి ఒక్కరే. ఈ పిల్ల ఉండగా ఆ ఒక్కరు నువ్వు కావు."

కెప్టెన్ కణతలు ఉబ్బాయి.

"ఇంట్లో ఆడుతున్నట్టు లోకాన్ని నమ్మించి, విరామంలో సర్వర్ గదికి దిగొచ్చి, అక్కడి రౌటర్‌లో రూల్ చెరిపేద్దామనుకున్నావు. పాస్‌వర్డ్ పడలేదు. మాస్టారు లోపలికి వచ్చారు."

"పోలీసుల్ని పిలుస్తానన్నాడు!" కెప్టెన్ అరిచాడు. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కోసం! పదేళ్ళు నేను ఆడాను! దానికేముంది, ఒక సీటు కూడా సొంతం కాదు!"

"మాస్టారు చచ్చాక పైకెళ్ళి రెండో సగం ఆడావు. గెలిచావు కూడా. అయ్యాక, ఎక్కణ్ణుంచి ఆడావో తెలియకుండా డిస్క్ పీక్కుని వెనక మెట్ల మీంచి పోయావు."

ఎస్.ఐ. బేడీలు తీశాడు.

కెప్టెన్‌ని తీసుకెళ్ళాక హాల్లో పిడుగు కదలకుండా నిలబడింది.

"మాస్టారు ఎందుకు ఫోన్ చేశారు నాకు?"

ఇన్‌స్పెక్టర్ అబద్ధం చెప్పలేదు. "తప్పు నీ చేతిది కాదని చెప్పడానికే అయి ఉంటుంది. నువ్వు కింద ఉన్నట్టు ఆయనకి తెలియదు."

"ఎత్తి ఉంటే పైకి వెళ్ళేదాన్ని." పిడుగు ఏడో నంబరు సీటు వైపు చూసింది. "ఆరు వారాల కిందట ఆయన వింటే అసలు ఫోనే అక్కర్లేదు. ఇప్పుడు ఎవరి మీద అరవను నేను?"

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. పిడుగు విదిలించుకుంది. తరవాత తనే మళ్ళీ పట్టుకుంది.

"నువ్వు వెళ్ళచ్చమ్మా," అన్నాడు తిరిగొచ్చిన ఎస్.ఐ. "ఏమనుకోకు. సారీ."

"సారీ నాకొద్దు. కాగితం కావాలి."

"ఏం కాగితం?"

"నిన్న నన్ను జీపెక్కించేటప్పుడు వీధి వీధంతా చూసింది. లీగ్‌వాళ్ళు పొద్దున్నే నా పేరు కొట్టేశారు. నేను హంతకురాలిని కాదని రాయండి. నా చెయ్యి మందగించలేదని కూడా రాయండి."

"రెండోది మా డిపార్ట్‌మెంట్ పని కాదు."

"మొదటిది మీ డిపార్ట్‌మెంట్ పనే. ఏం వెలగబెట్టారు?"

ఎస్.ఐ. మొహం కందగడ్డ అయింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్ను తీసింది. రెండూ రాసింది. తొంభై, మూడు, ఏడో నంబరు సీటు, ఆరు వారాలు, అన్నీ పెట్టింది. సంతకం చేసి ఎస్.ఐ. వైపు తోసింది. "నువ్వూ చెయ్."

అతను చేశాడు.

పిడుగు నిలబడే రెండుసార్లు చదివింది. కాగితం తిరిగి బల్ల మీద పెట్టింది.

"నన్ను లోపల వేసిన టైం రాయలేదు. వదిలిన టైం కూడా."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుని, ఆ రెండూ నిమిషాలతో సహా రాసి ఇచ్చింది.