మూడోసారి అనని మాట

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

వైశాఖపు సూర్యుడు నిప్పులు చెరగవలసిన వేళ, ఆకాశం ఉన్నట్టుండి కాటుక పూసుకుంది. పాలేటి వాగు మీది గాలి స్తంభించిపోయింది. పట్టపగలు తుమ్మల్లో గుడ్లగూబ కూసింది... ఒక్కసారి కాదు, ఆపకుండా! సూర్యాపేట దిక్కున ఉరుము బండరాయిలా దొర్లుతోంది.

కోదాడకు ఆమడ దూరంలో, వాగు ఒడ్డున శిథిలమైన రాతిమండపం. అందులో పసుపు, కుంకుమ, బొగ్గుపొడితో వేసిన భీకరమైన ముగ్గు. ముగ్గు నడుమ నల్లకోడి నెత్తుట తడిసిన కపాలం! దాని ముందు క్షుద్రోపాసకుడు భూతాల సాంబయ్య... రక్తవర్ణ నేత్రాలు, మెడలో ఎముకల దండ.

అతడి ఎదుట, చేతులు వెనక్కి విరిచి కట్టిన కాటమ్మ. విరబోసిన ఆమె జుట్టు భర్త ఈదయ్య పిడికిట్లో ఉంది.

ఈదయ్యది చివ్వెంల పక్క పల్లె. కిందటేడు, పోలీసు యాక్షన్‌కు ముందు, ఆయుధాలతో ఒక దండు ఆ ఊరి మీద పడింది. మగవాళ్లంతా తాటివనంలోకి పరుగెత్తారు. ఈదయ్యా పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి కాటమ్మ ఇంటి వెనక గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ఆనాటి నుంచి ఆమె మాట్లాడలేదు. మగవాడెవడైనా దగ్గరికొస్తే మాత్రం కేక పెట్టేది... గుండెలవిసే కేక!

"గాలి సోకింది కొడుకా! సాంబయ్య కాడికి తీస్కపో" అంది తల్లి లక్ష్మీనర్సమ్మ. తీసుకొచ్చాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. ఆ దండు వచ్చిపోయినప్పటి నుంచి అతడి లోపల ఏదో మొద్దుబారింది. అన్నం అన్నంలా లేదు, నిద్ర నిద్రలా లేదు.

సాంబయ్య చింతబరికె ఎత్తాడు. ఛళ్! కాటమ్మ ఒళ్లు విలవిల్లాడింది. ఆ కుదుపు జుట్టు గుండా ఈదయ్య చేతికి తెలిసింది, మోటతాడు గుంజినట్టు. అంతకు మించి ఏమీ తెలియలేదు.

"ఆడదాన్ని 'ఇచ్చిన' అని ఇంటి మొగోడు మూడుమాట్ల అనాలెరా!" సాంబయ్య గర్జించాడు. "గప్పుడే దయ్యం దిగుతది. అను!"

దయ్యంతో పాటు ప్రాణమూ పోతుందని, అలా పోయిన ప్రాణాలే తన బలమని మాత్రం అతడు చెప్పలేదు.

"ఇచ్చిన" అన్నాడు ఈదయ్య.

కపాలం కదిలింది! స్తంభం దగ్గర డప్పు కొడుతున్న వెంకన్న వేగం పెంచాడు. ఒకప్పుడు తన భార్య సాలిని ఇక్కడికే తెచ్చి, మూడుసార్లూ అని, ఆమె చచ్చిపోయాక ఇంటికి పోలేక ఇక్కడే ఉండిపోయినవాడు వెంకన్న. ముగ్గు నడుమ ఉన్నది ఆ సాలి కపాలమే!

"ఇచ్చిన."

కాటమ్మ ముక్కు నుంచి నెత్తురు కారింది. తల వాలిపోయింది. అలా వాలిన తలనే మెల్లగా తిప్పి ఆమె భర్త ముఖంలోకి చూసింది. కేక పెట్టలేదు. ఏడాది తర్వాత నోరు విప్పింది.

"గా దినం నువ్వు లేకపోతివి... ఇయ్యాల ఉండి గూడ గిట్లనేనా?"

ఈదయ్యకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఒక్క సంగతి మాత్రం కనిపించింది. ఈమెలో దయ్యం లేదు. ఆనాడు ఈమెను పాడుచేసినవాళ్లు మగవాళ్లు. ఇవాళ కొడుతున్నవాడు మగవాడు. పట్టుకున్న చెయ్యి నాది.

అతడు పిడికిలి విప్పాడు.

"ఇయ్య."

"ఏందిరా?"

"ఇయ్య. అన్న రెండు మాటలు గూడ మర్ల దీస్కుంటున్న. ఆమె ఏమన్న నా సొమ్మా, ఇయ్యనీకె?"

"నెత్తురు కక్కి సస్తవురా కుక్కా!" బరికె గాలిని చీల్చింది. ఈదయ్య భార్యకు అడ్డంగా నిలబడ్డాడు. వీపు చిట్లింది... మళ్లీ చిట్లింది... చర్మం ఊడివచ్చింది! అతడు కదల్లేదు.

డప్పు ఆగిపోయింది.

"నేను గూడ..." వెంకన్న లేచి నిలబడ్డాడు. "నా సాలిని మర్ల దీస్కుంటున్న! మూడు మాటలు మర్ల దీస్కుంటున్న!"

ఫెళఫెళార్భటితో పిడుగు పడింది! మండపం పగిలింది. కపాలం గిర్రున తిరిగి, సాంబయ్య వైపు నిలిచి, దవడ తెరిచింది. అందులోంచి వచ్చింది ఒక్క గొంతు కాదు... ఎందరో ఆడవాళ్ల గొంతులు!

"మొగోళ్ల మాట అడ్డముండెరా గిన్నొద్దులు! ఇగ లేదు!"

కపాలం నుంచి నల్లని కేశపాశం మొలిచింది. కాలసర్పంలా పాకి సాంబయ్య కంఠాన్ని చుట్టుకుంది. అతడు మంత్రం అందుకున్నాడు... అక్షరాలు గొంతులోనే విరిగాయి. "వద్దే సాలీ! నీ కాళ్లు మొక్కుత!" ఆ ఆర్తనాదం పూర్తికాకముందే ముగ్గులోంచి నీలిమంటలు లేచి అతణ్ణి మింగేశాయి. మిగిలింది గుప్పెడు బూడిద. కుండపోతగా కురిసిన వానకు అదీ వాగులో కలిసిపోయింది.

కపాలాన్ని కండువాలో చుట్టుకుని వెంకన్న తన ఊరి దారి పట్టాడు.

ఈదయ్య కాటమ్మ కట్లు కోసి దూరంగా జరిగి నిలబడ్డాడు. "అమ్మగారింటికి పోత" అందామె.

"తోలుకపోత పా."

"నువ్వొద్దు."

"సరే."

తన గొంగడి ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని కప్పుకుని, సూర్యాపేట బాటన పోతున్న కూలి ఆడవాళ్లలో కలిసిపోయింది. వెనక్కి చూడలేదు. ఆమె చూడాలని అతడూ అనుకోలేదు.

పై అమావాస్యకు ఆ కూలిన మండపం బాట మీద ఈదయ్య కూర్చుని ఉన్నాడు. కోదాడ వైపు నుంచి ఎడ్లబండి వచ్చింది. బండిలో తాళ్లతో కట్టేసిన పడుచుపిల్ల. తోలుతున్నవాడు ఆమె మొగుడు.

"సాంబయ్యగారు ఉన్నారా అండీ?"

"సచ్చిండు. పిల్ల కట్లిప్పు."

"అయ్యో! పోనీలెండి, మిర్యాలగూడ దగ్గర ఇంకొకాయన ఉన్నాడంట. అక్కడికి తీసుకుపోతాను."

ఈదయ్యకు భయం వేయలేదు. కోపం రాలేదు. లేచి, వెళ్లి, ఎద్దు ముకుతాడు పట్టుకున్నాడు.

"ముందుగాల కట్లిప్పు. ఆమెను ఇంటికాడ దింపినంక మనిద్దరం పోదాం మిర్యాలగూడకు. గాడ ఇంకెందరిని కట్టేసిండ్రో సూడాలె."

బండివాడు ముల్లుగర్ర ఎత్తాడు. ఈదయ్య ముకుతాడు వదల్లేదు.