పదకొండో కిలోమీటరు

ఉమాశ్రీ గారు మా షాపుకి వచ్చిన రోజు నాతో అన్న మొదటి మాట, "మీరు మెకానిక్కా, కంప్యూటర్ ఆపరేటరా?"

"రెండూనండి."

"అంటే ఏదీ సరిగ్గా రాదన్నమాట."

అది 2008 జూలై. పాలకొల్లులో కాలవ గట్టు వెనక సందులో నా షాపు. కారు ఇంజన్‌ని నడిపించే ఈసీయూ పెట్టెలో లెక్కలు సరిచేయడం నా పని. ఆ పనేంటో ఊళ్ళో ఎవరికీ తెలీదు. పక్కన టీకొట్టు పాపాయమ్మ కూడా నన్ను "కార్ల కంప్యూటరబ్బాయి" అనేది. రోజు మొత్తంలో నాతో మాట్లాడేది ఆవిడొక్కతే, అదీ పంచదార ఎంత వెయ్యాలని అడగడానికి. కోయంబత్తూరులో పని నేర్చుకుని వచ్చిన ఏడాదిన్నరలో నాకు కొత్తగా వచ్చిన విద్య ఒంటరిగా అన్నం తినడం.

ఉమాశ్రీ గారు నరసాపురంలో ఒక్కతే ఉండేది. రోజూ పొద్దున్నే పాత పెట్రోలు కారుని పంటు ఎక్కించి, గోదావరి దాటి, అవతలి ఒడ్డున కాలేజీలో లెక్కలు చెప్పేది. కారు ఆగి ఉన్నప్పుడల్లా ఇంజన్ వణుకుతోందని వచ్చింది.

"స్క్రీన్ నిండా అంకెలేగా. ఏది ఏంటో మీకెలా తెలుస్తుంది?"

"డెఫినిషన్ ఫైల్ చెప్తుందండి. ఫలానా చోట ఉన్నది పెట్రోలు పట్టిక, ఫలానాది లోడ్, దాన్ని ఇంతతో గుణించి చదువుకో అని అందులో రాసుంటుంది. అది లేకపోతే ఇవన్నీ ఉత్త అంకెలే."

"లోడ్ అంటే కార్లో బరువా?"

"కాదండి. ఇంజన్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి పీలుస్తోందో అది. ఎత్తు ఎక్కితే ఎక్కువ, ఊరికే నిలబడితే తక్కువ. దాన్నిబట్టే పెట్రోలు."

"ఆ గుణించే సంఖ్య తప్పయితే?"

"నేను సరిచేసే గడి ఒకటి, ఇంజన్ చదివే గడి ఇంకోటి అవుతుందండి."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "పర్లేదు, లెక్కలొచ్చు మీకు."

ఆ నవ్వుతోనే నా పని అయిపోయింది.

ఆ కారుకి సరైన ఫైల్ దొరకలేదు. దాని తోబుట్టువులాంటి మోడల్‌ది వాడాను. డాష్‌బోర్డు కింద చిన్న పెట్టె బిగించాను. స్పీడు, లోడ్ క్షణక్షణం మెమరీ కార్డులో రాస్తుంది. ప్రతి శనివారం ఆవిడ ఆ కార్డు తెచ్చేది. నేను చూస్తూ ఉంటే ఆవిడ టీ తాగుతూ నా లెక్కల్లో తప్పులు పట్టేది. ఎడమ సీట్లో ఎప్పుడూ ఆవిడ హ్యాండ్‌బ్యాగు, లంచ్ క్యారేజీ కూర్చుని ఉండేవి.

మూడో శనివారం నాకు తప్పు దొరికింది. ఆ ఫైల్లో లోడ్‌ని గుణించే సంఖ్య ఈ కారుది కాదు. మార్చడం ఐదు నిమిషాల పని.

మార్చలేదు. కారు బాగైపోతే శనివారాలు ఉండవు కదా. కొంచెం వణుకేగా, ప్రమాదమేముంది అనుకున్నాను.

ఆరో వారం పంటు ఎక్కే వాలులో ఇంజన్ ఆగిపోయింది. బ్రేకు తొక్కేలోపు కారు గోదావరి వైపు రెండడుగులు జారింది. చుట్టూ ఉన్న జనం వచ్చి పట్టుకున్నారు.

సాయంత్రం కారు తెచ్చింది. జరిగింది చెప్పింది. నేను ఆ సంఖ్య మార్చాను. ఇంజన్ నిమ్మళంగా తిరిగింది.

ఆవిడ గడియారం చూసుకుంది. "ఐదు నిమిషాల పనికి ఆరు వారాలా? ఎప్పుడు తెలిసింది మీకు?"

అబద్ధం ఆడలేకపోయాను. "మూడో వారమండి. బాగైపోతే మీరు ఇక రారని..."

"నేను నీళ్ళలో పడుంటే?"

ఆవిడ వెళ్ళిపోయింది.

తర్వాత మూడు శనివారాలు షట్టర్ సగం దించుకుని లోపలే కూర్చున్నాను. ఫోన్ చేసే మొహం లేదు. అంతకుముందు ఒంటరితనం అలవాటుగా ఉండేది, ఇప్పుడు నొప్పిగా ఉంది.

నాలుగో శనివారం ముసురు పట్టింది. పాపాయమ్మ షట్టర్ కింద నుంచి వంగి కవరు అందించింది. "లెక్చరరమ్మ ఇమ్మంది."

లోపల మెమరీ కార్డు. చీటీ అయినా లేదు.

తెరిచి చూశాను. లోడ్ చక్కగా ఉంది. వారమంతా ఇల్లు, పంటు, కాలేజీ. శనివారం మాత్రం పంటు దగ్గర ఆగినట్టు లేదు, వేరే దారి. బయల్దేరి కాసేపటికి స్పీడు సున్నా, లోడ్ ఇరవై దగ్గర కదలకుండా తొమ్మిది నిమిషాలు, అంటే ఇంజన్ ఆపకుండా కారు నిలబడి ఉంది. తర్వాత వెనక్కి. రైల్వే గేటేమో అనుకున్నాను. పై శనివారమూ అంతే, ఈసారి పద్నాలుగు నిమిషాలు. ఆ పైది ఇరవై రెండు.

ప్రతి శనివారమూ గేటు పడదు. స్పీడునీ సమయాన్నీ గుణించి దూరం కట్టాను. మూడుసార్లూ పదకొండు కిలోమీటర్లే వచ్చింది.

నరసాపురంలో ఆవిడ ఇంటి నుంచి మా సందు మలుపుకి సరిగ్గా పదకొండు.

షట్టర్ ఎత్తి టీకొట్టు దగ్గరికి పరుగెత్తాను. "పిన్నీ, ఆవిడ ఎటెళ్ళింది?"

"ఎక్కడికెళ్తుంది, ప్రతి వారం లాగే గట్టు మీద కారులో కూర్చునుంది. నువ్వు తలుపు మూసుకుని కూర్చుంటే ఎలా కనపడుద్ది?"

వానలో తడుస్తూ వెళ్ళి ఎడమ అద్దం దగ్గర నిలబడ్డాను. ఉమాశ్రీ గారు అద్దం సగం దించింది. ఏడ్చినట్టున్నాయి కళ్ళు.

"లెక్క కట్టారా?"

"కట్టానండి. మూడు వారాలు ఇక్కడిదాకా వచ్చారు. దిగలేదేమండి?"

"కోపం పోలేదు. మిమ్మల్ని చూడకుండా ఉండటమూ కుదర్లేదు." "ఈసారి తెలిసిన విషయం ఎన్ని వారాలు దాస్తారు?"

"ఒక్క నిమిషం కూడా దాచనండి. మీరంటే నాకు ఇష్టం. ఆ రోజు చేసింది తప్పు. మీకు ఏమైనా అయ్యుంటే నేను బతికేవాణ్ణి కాదు."

ఆవిడ క్యారేజీ, హ్యాండ్‌బ్యాగు తీసి వెనక సీట్లో పెట్టి, ఎడమ తలుపు తెరిచింది.