నిండుగా ఉన్న నాలుగో ఫైలు

కెమెరామన్ గుమ్మంలోకి వచ్చేసరికి అతని ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. కోడలు కుర్చీ చూపించింది. ఊళ్ళో అందరూ పెద్దమ్మ అని పిలిచే ప్రైవేటు డిటెక్టివ్ ఆమె అత్తగారే. వంటింట్లో ఇద్దరికీ క్షణం పడదు గాని, కేసు చేతికొస్తే అత్తగారి మాట కోడలికి వేదవాక్కు.

"మా బావ నన్ను స్టూడియోలోంచి గెంటేశాడు పెద్దమ్మా," అన్నాడతను. "ఒక ముసలావిడ ఇంటర్వ్యూ తీశాను. ఆఖర్న కూతురి గురించి మాట్లాడింది. వారం తిరక్కుండా పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇప్పుడా ముక్క లేదు. నేనే కెమెరా ముందుగా ఆపేశానని బావ ఊరంతా చెబుతున్నాడు. ఇంక నాకు పనెవరిస్తారు?"

"ఆపేశావా?"

"ఆవిడ లేచేదాకా నేను మీట ముట్టుకోలేదు."

స్టూడియోలో బావ విసుగ్గానే జవాబులిచ్చాడు. కెమెరా ఇచ్చే ఫైళ్ళు బరువు, అలాగే ఎడిటింగ్‌లో పెడితే కంప్యూటర్ మొరాయిస్తుంది, అందుకే ముందు తేలిక రకంలోకి మార్చుకోవాలి. "కెమెరా కార్డులోంచి కంప్యూటర్లోకి ఎక్కించేదీ, మార్చేదీ, కార్డు తుడిచేదీ నేనే. ఇంకొకరి చెయ్యి పడనివ్వను."

"ఒక్క ఇంటర్వ్యూకి నాలుగు ఫైళ్ళెందుకు?" అంది పెద్దమ్మ.

"ఫైలు ఒక సైజుకి రాగానే కెమెరా దాన్ని తెంపి, ఆగకుండా ఇంకోటి మొదలెడుతుంది," అన్నాడు కెమెరామన్. కోడలు తెర మీదికి వంగి చూసింది. కెమెరా ఇచ్చిన నాలుగు ఫైళ్ళ సైజూ ఒక్కటే.

"ఎక్కడ ఆపేశాడంటావు?" అంది పెద్దమ్మ.

"ముసలావిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతే, అక్కడితో సరి," అన్నాడు బావ. "ఇంటర్వ్యూ తీసిన రోజు ఆవిడ కొడుకొచ్చి ముందుగదిలో చాలాసేపు కూర్చున్నాడు. తండ్రి పోయినప్పుడు అక్క రాలేదని అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. ఆరా తీస్తే అక్కడ తియ్యండి."

పెద్దమ్మ నాలుగు ఫైళ్ళూ ఓపిగ్గా చూసింది. ముసలావిడ కళ్ళజోడు సర్దుకుంటూ తన చదువు గురించి చెబుతుండగా నాలుగోది అయిపోయింది.

"కొడుకే అత్తయ్యా! కళ్ళు మూసుకుని చెప్పొచ్చు," అంది కోడలు బయటికి రాగానే.

"కళ్ళు తెరిచి చెప్పు," అంది అత్తగారు.

మర్నాడు పెద్దమ్మ ముసలావిడ కొడుకునీ కూతుర్నీ కూడా స్టూడియోకి పిలిపించింది. వాళ్ళు గదికి చెరో మూలా కూర్చున్నారు.

"మధ్యలో ఆపేస్తే ఆఖరి ఫైలు చిన్నదిగా ఉండాలి," అంది పెద్దమ్మ. "నాలుగోది మిగతావాటంత నిండుగా ఉంది. అంటే కెమెరా ఆగలేదు. ఐదోది ఉంది. ఈ నాలుగింటిలోనూ ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. తియ్యడం నువ్వెక్కడ చూశావు నాయనా?"

బావ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"ఎక్కిస్తుంటే మధ్యలో వైరో ఏదో ఊడి ఉంటుంది. చూసుకోకుండా కార్డు తుడిచేశావు. తీరా మారుద్దామంటే ఐదోది ఆవిడ కళ్ళజోడు తీసేదాకా ఆడి బిగుసుకుపోయింది. దాన్ని తీసి పారేసి, నీ పరువు కాపాడుకోడానికి బావమరిది పరువు అడ్డం పెట్టావు."

"అలవాటైన పనే కదా అని చూసుకోలేదు," అన్నాడు బావ తల దించుకుని. "మా ఆవిడకి ముఖం ఎలా చూపించను?"

కోడలికి అతని మీద జాలీ, కోపమూ ఒక్కసారే కలిగాయి.

"ఆ కార్డు మీద మళ్ళీ ఏమైనా తీశారా?" అంది పెద్దమ్మ.

"ఎవరు తీస్తారు? కెమెరామన్ని వెళ్ళగొట్టానుగా."

"అదే మన అదృష్టం. కొత్తది తియ్యకపోతే తుడిచింది దొరకొచ్చు."

పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాం పెట్టి కెమెరామన్ పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి తెర మీద ముసలావిడ కళ్ళజోడు తీసింది.

"మా అమ్మాయి తప్పేం లేదు. ఆ రోజు తలుపు వేసింది నేనే. తను కొట్టింది. నాకు వినపడింది. తియ్యలేదు."

కూతురు భోరుమంది. తమ్ముడు లేచివెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

బావ కెమెరామన్ భుజం మీద చెయ్యి వేశాడు. "రేపట్నుంచి పన్లోకి రారా."

"వస్తాను బావా," అన్నాడు కెమెరామన్. "ముందు నువ్వు ఊరంతా తిరిగి చెప్పిరా."