గ్రూపులో వచ్చిన మాట

అద్దంలో బైకు లైటు.

డ్రైవర్ అంబులెన్సును సందులోకి తిప్పుతాడు. లైటూ తిరుగుతుంది!

వెనక స్ట్రెచర్ మీద ఒక టైలర్. మార్కెట్ గోడ పక్కన నక్కి ఉంటే ఎక్కించుకున్నారు. ఎడమ అరచేతి నుంచి మోచేతి దాకా కత్తి గాటు. సిస్టర్ కట్టు మీద కట్టు కడుతోంది.

"బీపీ పడిపోతోంది అన్నా. తొందరగా పోనివ్వు."

ఫోన్ మోగుతుంది... డ్రైవర్ల గ్రూపులో వాయిస్ మెసేజ్. బాబాయ్ గొంతు. స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే.

"మందుల షాపు ఓనర్ని పొడిచేశారు. చంపినవాడికి ఎడమ చేతికి గాయమట. వాడు మీ బండి ఎక్కితే వంతెన కింద పోలీసు జీపుంది, అప్పగించండి."

డ్రైవర్ కాలు బ్రేకు మీదికి పోతుంది. ఆగుతుంది.

సాయంత్రం పెట్రోలు బంకులో ఒకాయన కూడా ఇదే చెప్పాడు. విన్నది విన్నట్టు పెట్టెయ్యడం గ్రూపు పద్ధతి. ఏ రోడ్డు మూశారో, ఏ ఆస్పత్రిలో బెడ్డు లేదో ఆరా తీస్తూ కూర్చుంటే ప్రాణం పోతుంది. తనూ ఆ మాట పెట్టేశాడు. టైలర్ చెయ్యి చూడగానే అనుమానమొచ్చింది. కానీ బంకులో ఎవరో అన్న మాట... బాబాయ్ చెప్పాడంటే వేరు.

ఓనర్ చావు నిజం. షాపు ముందు రక్తం తనే చూశాడు. గాయం నిజం. మిగతాదీ నిజమే అయ్యుండాలి.

మెసేజ్ టైలర్ కూడా విన్నాడు.

"పక్క షాపు నాదే. అడ్డం వెళ్లి కత్తి పట్టుకున్నా... పొడిచినవాణ్ణి చూశానని వెంటపడ్డారు."

చంపినవాడైనా ఇదే చెబుతాడు. చూసినవాడైనా ఇదే చెబుతాడు.

బాబాయ్‌కి ఫోన్ చేస్తాడు. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్.

ఎవడైనా సరే ముందు కుట్లు పడాలి, ఆస్పత్రికే పోదామంటుంది సిస్టర్. ఆమె మెడ వాడి చేతికందే దూరంలో ఉంది. డ్రైవర్‌కి అదే కనబడుతోంది.

వంతెన!

నీలం లైటు తిరుగుతున్న జీపు. ఖాకీ చొక్కా మనిషి చెయ్యెత్తుతాడు. డ్రైవర్ ఆపుతాడు. వెనక బైకూ ఆగుతుంది.

టైలర్ స్ట్రెచర్ కమ్మీ వదలడు. "వద్దన్నా... దించొద్దు." ఖాకీ మనిషి వెంట ఉన్న ఇద్దరు అతని వేళ్లు ఊడదీసి జీపు వెనక్కి లాక్కెళ్తారు. సెలైన్ సీసా పట్టుకుని సిస్టర్ వెంట దిగితే తోసేస్తారు.

ఖాకీ మనిషి డ్రైవర్ భుజం తడతాడు. "చెప్పిన మాట బాగా అందించావ్ తమ్ముడూ."

ఈ మొహం... బంకులో చూసిందే. అప్పుడు ఖాకీ లేదు!

ఫోన్. బాబాయ్.

"ఆ ఎడమ చేతి మాట నీకెవరు చెప్పారు బాబాయ్?"

"ఎవరేంట్రా? సాయంత్రం గ్రూపులో పెట్టింది నువ్వేగా. నువ్వు చెప్పావంటే నిజమే కదా అని..."

జీపు వెనక తుపాకీ పేలుతుంది.