ఆరీ ఆరని గింజలు

టప్‌మని విరిగింది ప్లాస్టిక్ పట్టీ.

"అయ్యో!" అన్నాడతను.

"అయ్యో అంటే అతుక్కోదండీ," అంది ఆమె, మిషన్ దవడల్లోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెడుతూ. "నిన్నటిదాకా మీ శాంపిల్స్ అటెండర్ తాతయ్య తెచ్చేవాడు. చక్కగా సాగేవి. ఇవాళ మీరొచ్చారు, సుద్దముక్కలా విరిగింది."

"అంటే నా మొహం చూసి విరిగిందంటారా?"

"నేనా మాట అనలేదు. మీరే అన్నారు."

అతను పక్క బిల్డింగులో కెమిస్టు. ఫ్యాక్టరీ గొట్టంలోంచి ఊరికే పైకి పోయే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి, దానితో ప్లాస్టిక్ గింజలు చేస్తాడు. ఆ గింజల్ని కరిగించి పట్టీలు పోస్తాడు. అందుకే అందరూ అతన్ని పొగబాబు అంటారు. ఆ పట్టీలను మిషన్‌కు తగిలించి, తెగేదాకా లాగి, ఎంత గట్టివో తేల్చడం ఆమె పని. పెద్దసారు సాయంత్రంలోగా రిజల్ట్ కావాలన్నాడని ఆ రోజు అతనే హడావిడిగా పట్టుకొచ్చాడు.

మర్నాడు హడావిడేమీ లేదు. అయినా అతనే వచ్చాడు. ఆ మర్నాడు కూడా.

వానలు పట్టుకున్నాయి. టెస్టింగ్ గది కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతూనే ఉండేవి. ఐదు కొట్టగానే ఆమె మిషన్‌కు గుడ్డ కప్పి బస్సుకు పరిగెత్తేది. ఇంట్లో మూడేళ్ళ పాప. పాప పుట్టిన ఏడాదే భర్త పోయాడు. అత్తయ్యకు చూపు సరిగా ఆనదు. పాప ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. మిషన్ లాగుతున్నంతసేపూ ఆమె మనసు ఇంటి దగ్గరే ఉండేది. గుమ్మం గడియ పెట్టారో లేదో. స్టవ్ కట్టేశారో లేదో. ఫోన్ మోగితే చాలు, మిషన్ వదిలేసి పరిగెత్తేది.

"ఇవాళ ఏం మింగింది?" అని అడిగేవాడతను, పట్టీలు బల్ల మీద పెడుతూ.

"చొక్కా గుండీ. మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వట్లేదండీ. డాక్టరుకి చూపించారా?"

ఆ మాట అడిగేవాళ్ళు ఆమెకు ఇంకెవరూ లేరు. తల వంచుకుని పట్టీ బిగించేది. టప్.

రోజూ విరుగుతూనే ఉన్నాయి. గ్యాసులో తేడా అన్నాడు. సిలిండర్ మార్చాడు. గ్యాసులో కలిపే మందు మోతాదు మార్చాడు. అతని కళ్ళ కింద నలుపు పెరిగింది కానీ పట్టీ మాత్రం సాగలేదు.

చివరికి పెద్దసారు అందర్నీ కూర్చోబెట్టాడు. రిజల్ట్స్ చదవడానికి ఆమెనూ పిలిచారు.

"మొదట్లో బాగా వచ్చింది కదయ్యా! ఈ వానాకాలం నుంచి ఏమొచ్చింది దీనికి?"

అతను నేల చూపులు చూశాడు.

"గింజలు రాత్రంతా ఓవెన్‌లో ఆరాలి సార్. చెమ్మ ఉండగా కరిగిస్తే ప్లాస్టిక్ లోపల్లోపలే తెగిపోతుంది. నేను... పొద్దున పెట్టి మధ్యాహ్నానికే తీసేస్తున్నా. పైకి పొడిగానే ఉన్నాయి, ఇంతలో ఏమవుతుందిలే అనుకున్నా."

"ఎందుకయ్యా అంత తొందర?"

"టెస్టింగ్ ఐదింటికి మూసేస్తారు సార్."

"పొద్దున తాత చేత పంపొచ్చుగా?"

"పంపొచ్చు సార్."

అందరి చూపులూ మెల్లగా ఆమె వైపు తిరిగాయి. ఆమె కాగితాల్లోకి తల దించుకుంది.

"రేపు పొద్దున ఆఖరి పట్టీ," అన్నాడు పెద్దసారు. "నేనడిగినంత సాగకుండా తెగితే నీ గది ఖాళీ చేసెయ్. నేనింక పైవాళ్ళకి చెప్పుకోలేను."

వరండాలో అతను వెనకే వచ్చాడు.

"మీ పేరు ఎత్తలేదండీ నేను."

"ఎత్తక్కర్లేదు, అందరికీ కళ్ళున్నాయి! మీకు ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. నా మీద మాట పడితే? ఆ పసిదానికి నేను తప్ప ఎవరున్నారు?" చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "రేపు మీరు రాకండి. తాతయ్య చేత పంపించండి."

అతను తలూపాడు. వానలోనే నడిచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కంచం ముందు కూర్చుని ఆమె మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది. అత్తయ్య కొంగు పట్టుకుని అడిగితే జరిగిందంతా చెప్పేసింది.

"ఇంతకీ నీ భయం దేనికే? తెగుతుందనా, తెగదనా?"

ఆమె కంచం పక్కకు జరిపింది.

"పాప గురించి అడుగుతాడా ఆ అబ్బాయి?"

"రోజూ. ఇవాళ ఏం మింగిందని."

అత్తయ్య నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మా వాడు పోయినప్పుడు పుట్టింటికి పొమ్మన్నాను. నన్నొదిలి పోలేదు నువ్వు. ఇప్పుడు కూడా నన్ను చూసి ఆగిపోతే నా కొడుకు నన్ను క్షమించడే తల్లీ."

ఆమె అత్తయ్య ఒళ్ళో తల పెట్టి చాలాసేపు ఏడ్చింది.

తెల్లవారింది. ముసురు అలాగే ఉంది. తాతయ్య పట్టీ తెచ్చి ఇచ్చి, "రాత్రంతా ఓవెన్ దగ్గరే కూర్చున్నాడమ్మా, గింజలు ముట్టుకోకుండా," అని వెళ్ళిపోయాడు.

ఆమె పట్టీ బిగించి మోటారు వేసింది. పట్టీ విరగలేదు. నడుము దగ్గర తెల్లబడింది, సన్నబడింది, సాగడం మొదలుపెట్టింది. సాగుతూనే ఉంది. చూడాల్సిన మనిషి మాత్రం అక్కడ లేడు. ఆమె ఫోన్ తీసింది.

"తెగిందా?" అవతలి గొంతులో ప్రాణం లేదు.

"ఇంకా లేదు. రండి."

"రావద్దన్నారుగా."

"ఇప్పుడు నేనే రమ్మంటున్నా కదండీ!"

తడిసి ముద్దయి వచ్చాడు. గుమ్మం బయటే ఆగిపోయాడు. పట్టీ మూడింతలు సాగి, అప్పుడు తెగింది. ఆమె అంకె చూసింది. పెద్దసారు అడిగిన దానికంటే ఎక్కువే.

"గది ఖాళీ చెయ్యక్కర్లేదు," అంది.

అతను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా అన్నాడు. "ఇకమీదట తాతయ్యే తెస్తాడండీ. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

"శాంపిల్స్ తాతయ్యే తేవాలి. రాత్రంతా ఆరాకే తేవాలి." ఆమె తల ఎత్తలేదు. "మీరు ఆదివారం మా ఇంటికి రండి. అత్తయ్య మిమ్మల్ని చూడాలంటోంది."

"అత్తయ్యేనా?"

ఆమె తెగిన పట్టీ ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను కూడా," అంది.

తన కుర్చీ అతని వైపు జరిపింది. ఇన్నాళ్ళూ ఆ గదిలో నిలబడే మాట్లాడిన మనిషి, లోపలికి వచ్చి మొదటిసారి కూర్చున్నాడు.