కుర్చీని మధ్యలో పెట్టకు

ఆ మేడ మీది గది పేరెత్తితే చాలు, ఆ వీధిలో వాళ్లు మాట మార్చేస్తారు.

కింద కెమెరాలు బాగుచేసే చిన్న కొట్టు. మధ్య అంతస్తులో ట్యూషన్ సెంటర్. ఆ పైన — పెద్ద కిటికీ, గోడంతా నల్ల తెర, ఒక చెక్క కుర్చీ. ఒకప్పుడు అది ఫోటో స్టూడియో. నడిపిన ఫోటో మాస్టారు ఆ కుర్చీలోనే పోయారట. ఆ తర్వాత అద్దెకు దిగినవాడెవడూ అక్కడ నిలవలేదట. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఫోటో తీసినా... ఖాళీగా పడదట.

నాకు ఈ 'అట'లంటే ఒళ్లుమంట. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు పరిశీలించడం నా ఉద్యోగం. కాలిపోయిన దుకాణాన్ని చూసి అయ్యో అనేలోపే, అగ్గిపెట్టె ఎవరి జేబులో ఉందా అని చూస్తాను. మా ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తే కారణం చెప్పడు, నేరుగా రసీదు చూపిస్తాడు.

అలాంటి నేను ఈ సంగతి చెబుతున్నాను. సగం మా అన్నయ్య చెప్పగా విన్నది. మిగతా సగం... అక్కడికే వస్తాను.

అన్నయ్య ఫోటోగ్రాఫర్. ఏళ్ల తరబడి ఒకరి కొట్లో పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తూ, వచ్చినవాళ్లందరికీ "నవ్వకండి, నవ్వకండి" అని చెప్పీ చెప్పీ తనే నవ్వడం మర్చిపోయాడు. సొంత స్టూడియో పెట్టాలన్నది తన ఆశ. ఎవరూ తీసుకోని గది కాబట్టి మేడ యజమాని చవగ్గా ఇచ్చాడు. అన్నయ్య ఉన్న ఉద్యోగం మానేశాడు.

వదిన గొడవ చెయ్యలేదు. ఒకే మాట అంది. "మీ ఇష్టప్రకారమే కానివ్వండి. ఇదీ పోయిందంటే మాత్రం, మళ్లీ ఆ కొట్టుకే వెళ్లి నవ్వొద్దని చెప్పుకోవాలి మీరు."

గది చూడ్డానికి వెళ్లిన రోజే, కింద కెమెరాలు బాగుచేసే పెద్దాయన అన్నయ్యని పిలిచాడు. చొక్కా జేబులో ఎప్పుడూ స్క్రూలు గలగలమంటుంటాయని వీధిలో అందరూ ఆయన్ని స్క్రూల బాబాయ్ అంటారు. గుడ్డలో చుట్టిన లెన్స్ ఒకటి తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు. "మాస్టారిది. పై గదిలో ఉండేవాడికే ఇది చెందాలి" అన్నాడు.

లోహమూ గాజూ తప్ప ఇంకేమీ లేని లెన్స్ అది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, ఎంత వెలుగు రావాలో అదీ చేత్తోనే తిప్పుకోవాలి. ఈ కాలపు డిజిటల్ కెమెరాకి నేరుగా పట్టదు. మధ్యలో అడాప్టర్ అని ఒక రింగు బిగించాలి. అంతా చేసినా కెమెరా దాన్ని గుర్తుపట్టదు. 'లెన్స్ లేదు' అని చూపిస్తుంది. లేకపోయినా పర్వాలేదు, తియ్యి అని సెట్టింగ్ మార్చి దాన్ని ఒప్పించాలి.

కెమెరాయే లేదంటున్న దాంట్లోంచి మనుషుల్ని చూడడం నాకు మొదట్నుంచీ నచ్చలేదు.

కానీ ఆ లెన్స్‌లో ముఖాలు ఎంత మెత్తగా వస్తాయో. కొత్త లెన్సులు చర్మం మీది ప్రతి గుంటనీ పట్టి చూపిస్తాయి. ఇది ఇంటికొచ్చిన పెద్దమనిషిలా చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. అన్నయ్య మనసు పారేసుకున్నాడు. 'పాత లెన్స్‌తో ఫోటోలు' అని బోర్డు కూడా రాయించాడు.

మొదటి బేరం కుదిరింది. ఒక పెద్ద కుటుంబం, ముసలమ్మ నుంచి చంటిపిల్ల దాకా. వాళ్లు పొద్దున్నే వస్తారనగా, ముందురోజు రాత్రి దీపాలు సరిచూసుకుందామని అన్నయ్య ఒక్కడే గదిలో ఉండిపోయాడు.

నల్ల తెర. దాని ముందు ఖాళీ కుర్చీ. పక్క నుంచి ఒక దీపం. అన్ని ముఖాలూ ఫోకస్‌లో ఉండాలి కాబట్టి, లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని బాగా చిన్నది చేశాడు. ఆ లెన్స్‌ని అలా వాడడం అదే మొదటిసారి.

నొక్కాడు.

కుర్చీ ఖాళీగా లేదు.

వీపు ఆనే చెక్కకి కాస్త పైన — తల ఉండాల్సిన చోట — పాలిపోయిన గుండ్రటి మచ్చ. కళ్లు లేవు. ముక్కు లేదు. కానీ మనిషి తలంత ఉంది.

లెన్స్ తుడిచి మళ్లీ తీశాడు. మచ్చ ఉంది. కొత్త లెన్స్ బిగించి తీశాడు. లేదు... మళ్లీ మాస్టారి లెన్స్ పెట్టాడు. ఉంది. కుర్చీని కిటికీ దగ్గరికి లాగి, కెమెరాని అటు తిప్పి తీశాడు. అక్కడికీ వచ్చింది. తలుపు దగ్గరికి లాగాడు. అక్కడికీ...

అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"కుర్చీ ఎక్కడికి జరిపితే అక్కడికొస్తోంది చెల్లీ."

"అంత మెల్లగా మాట్లాడతావేంటి?"

"వింటాడేమోనని."

నేను స్కూటర్ మీద బయల్దేరాను. ట్యూషన్ సెంటర్ దాటాక మెట్ల మీద దీపం లేదు. గోడ పట్టుకుని ఎక్కాను. దెయ్యం సంగతి తర్వాత, కాలు విరిగితే క్లెయిము ఎవరు పరిశీలిస్తారా అన్నదే నా భయం. పైన అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, కుర్చీకి వీపు చూపించకుండా.

కెమెరా తీసుకుని ఫోటోలు ఒక్కొక్కటే చూశాను. నిజం చెప్పాలంటే వెన్ను జలదరించింది. అయినా చేసే ఉద్యోగం ఊరుకోనివ్వదు కదా. మళ్లీ మొదట్నుంచి చూశాను. కిటికీ దగ్గర కుర్చీ... ఫోటోకి నడిమధ్యలో. తలుపు దగ్గర కుర్చీ... అదీ నడిమధ్యలోనే.

"కుర్చీని ప్రతిసారీ మధ్యలోనే పెట్టావెందుకు?"

"పాత లెన్స్ కదే. మధ్యలోనే బాగా వస్తుంది, అంచుల్లో చెదిరిపోతుంది. దీంతో తీసేవాడెవడైనా మనిషిని మధ్యలోనే పెడతాడు."

"ఈసారి పెట్టకు. కుర్చీని మళ్లీ తెర ముందుకి లాగి, దాన్ని కదపకుండా కెమెరా ఒక్కటే తిప్పు. ఫోటోలో కుర్చీ ఎడమ అంచుకి పోవాలి. మచ్చ కూడా కుర్చీతో పాటు పోయిందా, ఈ రాత్రే సామాను సర్దేద్దాం. మధ్యలోనే ఉండిపోయిందా... అది మాస్టారిది కాదు, లెన్స్‌ది."

అన్నయ్య కుర్చీని తెర ముందుకి లాగి, కెమెరా తిప్పాడు. నొక్కాడు.

ఎడమ అంచున కుర్చీ. ఖాళీగా ఉంది. మచ్చ మాత్రం నడిమధ్యలో, వట్టి తెర మీద, దిక్కులేనట్టు వేలాడుతోంది.

అన్నయ్య నేల మీద చతికిలపడి, లెన్స్ తుడిచే గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నేనైతే గట్టిగానే నవ్వాను. స్టూడియో దక్కింది, ఇక వదినకి ధైర్యంగా చెప్పొచ్చు.

కానీ నాకింకో అనుమానం. ఈ లెన్స్ అంటగట్టిందెవరు?

ఇద్దరం కిందికి దిగితే స్క్రూల బాబాయ్ కొట్లో దీపం వెలుగుతూనే ఉంది. కెమెరాలో పడినదాన్ని నా ఫోన్లో తీసుకొచ్చి చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నాకు దొరికిన సాక్ష్యం.

"రీలు మొద్దు వస్తువు. పడిన వెలుగుని మింగేస్తుంది" అన్నాడు నెమ్మదిగా. "మీ డిజిటల్ కెమెరా లోపల సెన్సర్ అద్దంలా నిగనిగలాడుతుంది. కొంత వెలుగుని వెనక్కి కొడుతుంది. అది ఈ లెన్స్ వెనక గాజుకి తగిలి మళ్లీ సెన్సర్ మీదే పడుతుంది. అందుకే మధ్యలో మచ్చ. రంధ్రం చిన్నది చేస్తే కనపడుతుంది, పూర్తిగా తెరిస్తే పోతుంది."

"అంటే మీకు ముందే తెలుసు."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

"ఇంతకుముందు దిగినవాళ్లకీ ఈ లెన్సే ఇచ్చారా?"

"ఇద్దరికిచ్చాను. భయపడి పోతూ పోతూ వాళ్లే తిరిగిచ్చేశారు."

"నా పొట్ట కొట్టాలని చూశారు కదా బాబాయ్" అన్నాడు అన్నయ్య. కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

బాబాయ్ తలెత్తలేదు. "చిన్నప్పట్నుంచీ ఆయన దగ్గరే పనిచేశాను. ఊరందర్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకి, గడ్డం కొంచెం పైకి అనేవారు. ఆయన్ని మాత్రం ఎవరూ కూర్చోమనలేదు... నేనూ అనలేదు. ఒక్క ఫోటో కూడా లేదు. ఆ గదిలో ఇంకొకరు తిరుగుతుంటే చూడలేకపోయానయ్యా."

అక్కడితో వచ్చేయాల్సింది. కానీ ఒక్క ప్రశ్న మిగిలినా నేను ఫైలు మూయను.

"ఆ ఇద్దరికంటే ముందు ఎవరూ దిగలేదా?"

"ఒకడు దిగాడు. మాస్టారు పోయిన కొత్తలో. తెల్లారకుండానే సామాను వదిలేసి పోయాడు. గదికి పేరు చెడింది అప్పుడే."

"అతనికీ ఈ లెన్సే..."

"లేదమ్మాయ్. ఇది అప్పుడు నా పెట్టెలోనే ఉంది. అయినా అప్పట్లో డిజిటల్ ఎక్కడిది... అతను తీసింది రీలు మీద."

రీలు మీద ఈ మచ్చ రాదు. ఆ మాట ఇప్పుడే ఆయనే చెప్పాడు.

"మరి... అతనేం చూశాడు?"

బాబాయ్ జేబులో స్క్రూలు చిన్నగా చప్పుడు చేశాయి.

"నేను అడగలేదు" అన్నాడు.

కెమెరా పైనే ఉండిపోయింది. ఇద్దరం మళ్లీ మెట్లెక్కాం. ఈసారి నేను కాలు విరగడం గురించి ఆలోచించలేదు.

గది మేము వదిలి వెళ్లినట్టే ఉంది. స్టాండు మీద కెమెరా పక్కకి తిరిగి ఉంది. కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్ మీద, ఎడమ అంచున, కుర్చీ.

"తాళం వేసి పోదాం పద" అన్నాను.

"పొద్దున్నే వాళ్లొస్తారు చెల్లీ. నేనెక్కడికి పోను?"

అన్నయ్య కెమెరా వెనక నిలబడ్డాడు. లెన్స్ రంధ్రాన్ని పూర్తిగా తెరిచాడు. మచ్చకి ఇక చోటు లేదు. ఫోకస్ నెమ్మదిగా తిప్పి, కుర్చీ దగ్గర ఆపాడు. తర్వాత, బేరానికొచ్చిన మనిషితో మాట్లాడినట్టే మర్యాదగా, మెల్లగా...

"మాస్టారూ. ఇవాళ మీరు కూర్చోండి, నేను తీస్తాను... గడ్డం కొంచెం పైకి."

నొక్కాడు.

ఇద్దరం వంగి చూశాం.

నడిమధ్యలో ఏమీ లేదు. నల్ల తెర శుభ్రంగా ఉంది.

మచ్చ ఎడమ అంచున ఉంది. కుర్చీ మీద. ఈసారి గుండ్రంగా లేదు... కింద కొసదేరి, గడ్డంలా ఉంది.

ఆ గడ్డం, కాస్త పైకెత్తి ఉంది.